న్యూరోసైన్స్ ల్యాబ్ నుంచి జర్నల్ ఎడిటర్ బల్ల దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివి, ఆరేళ్లు ఎలుక మెదడు ముక్కల మీద పీహెచ్‌డీ, మూడేళ్లు విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) చేసి, తొమ్మిదేళ్లుగా ఒక న్యూరోసైన్స్ జర్నల్‌లో, అంటే పరిశోధన పత్రాలు అచ్చు వేసే పత్రికలో, పూర్తికాలపు ఎడిటర్‌గా పని చేస్తున్నాను. కరోనా తరువాత హన్మకొండలోని ఇంటి నుంచే పని సాగుతోంది. అప్పటి నుంచి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు విద్యార్థులు, స్కాలర్లు, అప్పుడప్పుడు వారి తల్లిదండ్రులు నన్ను అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే. అందుకని వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, నాకు తెలిసిన జవాబులు రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న వారు చూసుకుంటే సరిపోతుంది.

## చేరకముందు

న్యూరోసైన్స్ అంటే న్యూరో డాక్టరేనా మేడమ్? ఇంట్లో వాళ్లకు ఏమని చెప్పాలి?

కాదు. న్యూరాలజిస్టు రోగిని చూస్తారు, న్యూరోసర్జన్ ఆపరేషన్ చేస్తారు. ఆ దారి ఎంబీబీఎస్‌తో మొదలవుతుంది. న్యూరోసైన్స్ పరిశోధకులకు మందుల చీటీ రాసే అర్హత ఉండదు. మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయి, నేర్చుకున్నది ఎక్కడ నిలుస్తుంది, వయసు మీద పడ్డాక అది ఎందుకు జారిపోతుంది వంటివి వారి ప్రశ్నలు. ఇంట్లో చెప్పడంలో ఉన్న చిక్కు కొంత మన భాషలోనే ఉంది. సెలైన్ ఎక్కించే సిస్టరమ్మ "నరం దొరుకుతలేదు" అన్నప్పుడు ఆమె వెతికేది రక్తనాళాన్ని. నానమ్మ "నరాల బలహీనత" అన్నప్పుడు అది ఒంట్లోని ఏ నీరసమైనా కావచ్చు. ఇక నాడి పట్టి చూడటమంటే గుండె కొట్టుకునే తీరును చూడటమే. నేను మా అమ్మకు "తలకాయలో కరెంటు ఎట్ల పారుతదో చూసే పని" అని చెప్పాను. ఆమె వాడకట్టులో అందరికీ నాకు కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చిందని చెప్పుకున్నది.

మాది జువాలజీ. ఎమ్మెస్సీలో న్యూరోసైన్స్ ఒక్క యూనిట్ మాత్రమే ఉంది. ఇంత తక్కువతో రావచ్చా?

రావచ్చు. ఈ రంగంలో ఉన్నవారిలో చాలామంది వేరే శాస్త్రాల నుంచి వచ్చినవారే: జీవరసాయనం, మనస్తత్వశాస్త్రం, భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్. దేశంలో పీహెచ్‌డీకి చూడదగిన చోట్లు మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం, బెంగళూరులో నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, భారతీయ విజ్ఞాన సంస్థ, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్. మనకు దగ్గరలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉన్నాయి. అయితే పేరున్న సంస్థ కన్నా ముందు పేరున్న ప్రశ్నను వెతుక్కోండి: జ్ఞాపకమా, నిద్రా, నొప్పా, చూపా? ప్రశ్న తేలితే దాని మీద పని చేసే ల్యాబులు పది కన్నా ఎక్కువ కనపడవు, ఎంపిక సులువవుతుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. రెండు నెలలు నిజమైన ల్యాబులో గడిపితే ఈ పని మీకు పడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఏయే పరీక్షలు రాయాలి? స్టైపెండ్ ఎంత?

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వారి బెట్, గేట్, టాటా సంస్థ నిర్వహించే జేజీఈఈబీఐఎల్ఎస్ ముఖ్యమైనవి. జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)గా 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమలులో ఉన్నాయి. డబ్బు నెలనెలా పడుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. మూడు నాలుగు నెలలది ఒకేసారి పడటం మామూలే కాబట్టి చేరేనాటికి కొంత చేతిలో ఉంచుకోవడం మంచిది.

నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ పేపర్లు చదివి, రాయగలనా?

నేనూ తెలుగు మీడియమే. పరిశోధన పత్రాల ఇంగ్లిష్ నవలల ఇంగ్లిష్ కాదు. చాలా ఇరుకైన భాష. కొన్ని వందల పదాలు, ఇరవై ముప్పై వాక్య నిర్మాణాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. మొదటి పేపరు చదవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, ఇరవయ్యో పేపరుకు ఒక సాయంత్రం చాలింది. నేను పాటించిన పద్ధతి ఒకటే. ముందు బొమ్మలు చూసి, ప్రతి బొమ్మ ఏమి చెబుతున్నదో తెలుగులో ఒక్క వాక్యంగా నోటుబుక్కులో రాసుకుని, ఆ తరువాతే రచయితలు ఏమన్నారో చదివేదాన్ని. నా వాక్యానికీ వారి వాక్యానికీ తేడా వచ్చిన చోట ఆగేదాన్ని. సగం సార్లు తప్పు నాది, మిగతా సగం వారిది. ఈ రోజు జీతం తీసుకుని చేస్తున్న పని కూడా సరిగ్గా ఇదే.

## పీహెచ్‌డీలో ఉండగా

ల్యాబులో రోజంతా ఏం చేస్తారు?

ల్యాబును బట్టి మారుతుంది. కొందరు రోజంతా కోడ్ రాస్తారు, కొందరు ఎంఆర్ఐ గదిలో మనుషులను పడుకోబెట్టి చిత్రాలు తీస్తారు. నాది ప్యాచ్ క్లాంప్ పని, అంటే ఒక్కో కణంలో పారే కరెంటును కొలవడం. 1976లో ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ మొదలుపెట్టిన పద్ధతి అది; వారికి 1991లో నోబెల్ వచ్చింది. పొద్దున ఏడింటికి ద్రావణాలు కలిపి, తొమ్మిదింటికల్లా ఎలుక మెదడును మిల్లీమీటరులో మూడో వంతు కన్నా పలుచని ముక్కలుగా కోసి, ఆక్సిజన్ బుడగలు వస్తున్న ఉప్పునీటిలాంటి ద్రావణంలో ఉంచుతాము. ఆ ముక్కలు సాయంత్రం దాకా బతికి ఉంటాయి. గాజు గొట్టాన్ని వేడి చేసి లాగితే మొన మిల్లీమీటరులో వెయ్యో వంతుకు దగ్గరగా వస్తుంది. దానిని మైక్రోస్కోపు కింద కణం దాకా దించి, అది కణాన్ని తాకగానే పైపొర మీద చిన్న గుంట కనపడినప్పుడు, నోట్లో పెట్టుకున్న గొట్టంతో మెల్లగా పీల్చాలి. గట్టిగా పీలిస్తే కణం పగులుతుంది, తక్కువ పీలిస్తే పట్టు కుదరదు. కుదిరితే తెర మీద నిరోధం వంద కోట్ల ఓమ్‌లు దాటుతుంది, గీత నిలకడగా నిలుస్తుంది. ఆ క్షణంలో పక్క గదిలో ఎవరైనా తలుపు దబాలున వేస్తే అంతా పోతుంది. మా ల్యాబు తలుపు మీద "మెల్లగా" అని తెలుగులో రాసి అంటించింది నేనే. అక్కడ తెలుగు చదవగలిగేది మరొక్కరే, ఆయనే అందరికన్నా గట్టిగా తలుపు వేసేవాడు.

మూడేళ్లయినా ఒక్క ఫలితం రాలేదు. నేనే పనికిరానిదాన్నా?

మూడేళ్ల దాకా అచ్చు వేయదగిన ఫలితం రాకపోవడం ఈ రంగంలో వింత కాదు. అయితే రెండు రకాల ఆలస్యాలను వేరుచేసి చూడండి. ప్రయోగం కుదరక ఆలస్యమైతే ఓపిక పట్టవచ్చు. గైడ్ ఆరు నెలలుగా మీ డేటా చూడకపోవడం వల్ల ఆలస్యమైతే ఓపిక పట్టకూడదు, పరిశోధన సలహా కమిటీకి రాతపూర్వకంగా తెలపాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అన్నది గుర్తుంచుకుని, నాలుగో ఏటి మొదట్లోనే థీసిస్‌కు ఏ అధ్యాయాలు చాలునో గైడ్‌తో కూర్చుని తేల్చుకోండి.

మా కాలేజీ నుంచి జర్నళ్లు తెరుచుకోవు. పేపర్లు ఎక్కడ చదవాలి?

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ఒక దేశం ఒక సభ్యత్వం పథకం కింద ముప్పై ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు 2025 నుంచి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు కేటాయించినది 6,000 కోట్ల రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఈ పరిధిలోకి వస్తాయి కాబట్టి లాగిన్ కోసం లైబ్రేరియన్‌ను అడగండి. పథకం వచ్చిన సంగతి తెలియని స్కాలర్లు ఇప్పటికీ నాకు కనపడుతున్నారు. ప్రైవేటు కాలేజీలకు ఈ సౌకర్యం లేదు, మన జిల్లాల్లో ఎక్కువమంది చదివేది మాత్రం వాటిలోనే, ఇది నాకు మింగుడుపడని విషయం. అటువంటివారు పేపర్లు ఉచితంగా దొరికే పబ్‌మెడ్ సెంట్రల్, బయోఆర్కైవ్ వెబ్‌సైట్లలో వెతకవచ్చు. అక్కడా దొరకకపోతే పేపరు రాసినవారికే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. తమ పేపరు ఎవరో అడిగి చదువుతున్నారంటే సంతోషించని శాస్త్రజ్ఞులు అరుదు.

## పేపరు రాసి పంపేటప్పుడు

నాలుగు రోజుల్లో అచ్చు వేస్తామని మెయిల్ వచ్చింది. పదివేలు అడుగుతున్నారు. కట్టాలా?

కట్టకండి. పీహెచ్‌డీ రెండో ఏట నేను కట్టాను. ఒక సమీక్షా వ్యాసాన్ని పంపితే అయిదో రోజున "అద్భుతం" అన్న ఒక్క మాటతో అంగీకార పత్రం, దాని వెంటే తొమ్మిది వేల రూపాయల బిల్లు వచ్చాయి. కట్టిన రెండేళ్లకు ఆ వెబ్‌సైటే మాయమైంది. ఆ వ్యాసాన్ని ఇప్పుడు ఎవరికీ చూపలేను, ఒకసారి అచ్చయింది కాబట్టి ఇంకో చోటికి పంపలేను. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక విలేకరి కావాలనే తప్పులు పెట్టి రాసిన నకిలీ పేపరును 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు అంగీకరించాయి. కాబట్టి మోసపోయినది మీరొక్కరే అనుకోనక్కరలేదు. ఆ జర్నల్‌లో ఇంతకుముందు వచ్చిన పేపర్లు మూడు తెరిచి చదవండి, ఎడిటర్ల జాబితాలోని ఒకరి విశ్వవిద్యాలయ పేజీకి వెళ్లి అక్కడ ఆ జర్నల్ ప్రస్తావన ఉందో లేదో చూడండి, ఉచితంగా చదవగలిగే జర్నళ్లను నమోదు చేసే డీవోఏజే జాబితాలో వెతకండి. గుర్తింపు ఉన్న జర్నళ్ల పేర్లతో యూజీసీ ఉంచిన కేర్ జాబితా 2025లో రద్దయింది కాబట్టి "కేర్ లిస్టెడ్" అని ఇప్పటికీ గొప్పగా రాసుకునే జర్నల్‌ను అనుమానించడానికి ఆ ఒక్క మాటే చాలు. థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చు కావాలన్న నియమాన్ని యూజీసీ 2022లోనే తీసివేసింది. అయినా కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా దాన్ని కొనసాగిస్తున్నాయి, ఇటువంటి జర్నళ్లకు గిరాకీ అక్కడి నుంచే వస్తున్నది.

గైడ్ సార్ తన స్నేహితుడి పేరు కూడా పెట్టమంటున్నారు. కాదంటే ఎట్లా?

ఎదురు చెప్పమని నేను సలహా ఇవ్వను. మీ థీసిస్‌కు కావలసిన సంతకం ఆయన చేతిలో ఉంది. నియమాన్ని మాత్రం మాట్లాడనివ్వండి. చాలా జర్నళ్లు పేపరు పంపేటప్పుడే ఎవరు ఏ పని చేశారో విడివిడిగా రాయమంటాయి: ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, విశ్లేషణ ఎవరిది, రాసినదెవరు. ఆ పట్టికను నింపి గైడ్‌కు ఇచ్చి, "సార్, ఈ వరుసలో వారికి ఏం రాయమంటారు?" అని మర్యాదగా అడగండి. ఖాళీ గడిని చూసి వెనక్కి తగ్గిన గైడ్లను నేను చూశాను. తగ్గకపోతే ఆ నిర్ణయం ఆయనదేనని తెలిపే మెయిల్ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ప్రీప్రింట్ పెడితే ఎవరైనా నా ఐడియా దొంగిలిస్తారా?

ప్రీప్రింట్ అంటే జర్నల్‌లో రాకముందే అందరూ చదివేలా ఆన్‌లైన్‌లో పెట్టే పేపరు ప్రతి. దాని మీద తేదీ ఉంటుంది, డీవోఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది; ముందు చేసింది మీరేనని చెప్పే సాక్ష్యం అదే. బయోఆర్కైవ్ 2013లో మొదలైంది, ఇప్పుడు న్యూరోసైన్స్‌లోని ప్రధాన జర్నళ్లు దాదాపు అన్నీ ప్రీప్రింట్ పెట్టిన పేపర్లను తీసుకుంటాయి. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం పెట్టకముందే మీ సంస్థలో అడగండి.

రివ్యూకు కూడా పంపకుండా మూడు రోజుల్లో తిప్పి పంపారు. వరంగల్ అడ్రసు చూసేనా?

ఈ ప్రశ్న వెనుక ఉన్న బాధ నాకు తెలుసు. పక్షపాతం అసలు లేదంటే అబద్ధమవుతుంది. అనుమానం ఉన్న చోట మొగ్గు పేరున్న ల్యాబు వైపే ఎక్కువగా ఉంటుంది, అందుకే రచయితల పేర్లు రివ్యూయర్లకు (పేపరును పరిశీలించి అభిప్రాయం చెప్పే అదే రంగపు నిపుణులకు) కనపడని పద్ధతి ఉన్న చోట దాన్ని ఎంచుకోమని చెబుతాను. అయితే మన ప్రాంతం నుంచి వచ్చి వెంటనే వెనక్కి పోయే పేపర్లలో నేను మళ్లీ మళ్లీ చూసేది మరొకటి. ఊహకు ఒక పేపరు చెబుతాను. సరస్వతి ఆకు సారాన్ని ఆరు ఎలుకలకు ఇరవై ఎనిమిది రోజులు ఇచ్చారు. మరో ఆరింటికి ఇవ్వలేదు. సారం తాగినవి నీటి తొట్టిలో దాగి ఉన్న దిమ్మెను కొన్ని సెకన్లు ముందుగా వెతుక్కున్నాయి. ఇంతవరకు ఇది చక్కని చిన్న పని. పేపరు పేరు మాత్రం "అల్జైమర్స్‌కు సరస్వతి ఆకు చికిత్స". ఆ ఎలుకలకు అల్జైమర్స్ లేదు, అవి వేగంగా ఈదాయా లేక బాగా గుర్తుపెట్టుకున్నాయా అన్నది కొలవలేదు, ఏ ఎలుక ఏ గుంపుదో స్టాప్‌వాచ్ పట్టుకున్నవారికి తెలుసు. పేరును "ఆరోగ్యవంతమైన ఎలుకల్లో స్థల జ్ఞాపకంపై ప్రభావం" అని తగ్గించి, ఈత వేగాన్ని కలిపి, సరైన జర్నల్‌కు పంపి ఉంటే అదే పని రివ్యూకు పోయేది. చెప్పిన మాట చేసిన పనికన్నా పెద్దదైనప్పుడు ఎడిటర్‌కు మూడు రోజులు కూడా పట్టదు.

చాట్‌జీపీటీతో రాయించవచ్చా?

భాష సరిదిద్దుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, వాడినట్లు చెప్పమంటాయి. రచయితగా దాని పేరు పెట్టడానికి ఒప్పుకోవు, ఎందుకంటే తప్పుకు బాధ్యత వహించలేనిది రచయిత కాలేదు. అది ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. లేని పేపరు ఒక్కటి జాబితాలో దొరికినా మిగతా పేపరు మీద నమ్మకం పోతుంది.

## ఎడిటర్ ఉద్యోగం గురించి

పీహెచ్‌డీ చేసి ఎడిటర్ అయ్యారంటే పరిశోధనలో ఫెయిలైనట్టే కదా మేడమ్?

ఇంత సూటిగా అడిగినవారు ముగ్గురే, మనసులో అనుకున్నవారు చాలామంది. నాడీకణాలు విడివిడి కణాలని చూపిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ 1888లో బార్సిలోనాలో ఉన్నప్పుడు, తన ఫలితాలు వేసే చోటు సరిపోక, సొంత డబ్బుతో సొంత పత్రిక పెట్టుకున్నారు. మొదటి సంచికకు అరవై ప్రతులు వేయించి, వాటిని విదేశీ శాస్త్రజ్ఞులకు పంపారు. స్పానిష్ భాషలో ఉన్న దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోతే మరుసటి ఏడు స్లైడ్లు పట్టుకుని బెర్లిన్ సమావేశానికి వెళ్లి, మైక్రోస్కోపు కింద స్వయంగా చూపించారు. 1906లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్గీతో కలిసి నోబెల్ అందుకున్నారు. మన కాలంలో క్రిస్ చేంబర్స్ అనే బ్రిటన్ న్యూరోసైన్స్ పరిశోధకుడు 2013లో కార్టెక్స్ జర్నల్‌లో, ప్రయోగం చేయకముందే దాని పథకాన్ని రివ్యూ చేసి, ఫలితం ఎట్లా వచ్చినా అచ్చు వేస్తామని మాట ఇచ్చే పద్ధతిని తెచ్చారు. ఇవి పరిశోధనలో ఓడిపోయినవారు చేసిన పనులు కావు. నా సంగతికి వస్తే, ఒకే అర మిల్లీమీటరు మెదడు మీద ముప్పై ఏళ్లు కూర్చునే ఓపిక నాకు లేదు. పొద్దున నొప్పి గురించి, మధ్యాహ్నం పక్షి పాట గురించి చదవడం ఇష్టం.

ఎడిటర్ ఉద్యోగానికి ఏం కావాలి? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

పీహెచ్‌డీ తప్పనిసరి, పోస్ట్‌డాక్ అనుభవం ఉంటే మొగ్గు మీవైపు ఉంటుంది. నన్ను నా పరిశోధన గురించి పది నిమిషాలే అడిగారు. తరువాత నా విషయం కాని అయిదు పేపర్ల సంక్షిప్తాలు ఇచ్చి, ఏవి రివ్యూకు పంపుతారు, ఎవరికి పంపుతారు, ఎందుకు అని గంటకు పైగా అడిగారు. సొంత ల్యాబు నడుపుతూ జర్నల్ పని కూడా చూసే అకడమిక్ ఎడిటర్లు వేరు, నాలాగా ఇదే ఉద్యోగంగా ఉన్నవారు వేరు; రెండో రకానికి సొంత పరిశోధన ఉండదు. పీహెచ్‌డీలో ఉండగానే గైడ్‌కు వచ్చిన రివ్యూ పనిలో, జర్నల్‌కు తెలిపి, పాలుపంచుకోండి. ఎడిటింగ్ కాక టైప్‌సెట్టింగ్, ప్రూఫులు, భాషా సవరణ వంటి ప్రచురణ పనులకు చెన్నై, పుదుచ్చేరి, నోయిడాలలో పెద్ద సంస్థలున్నాయి, వాటికి ఎమ్మెస్సీ చాలు.

ఒక పేపరు మీ చేతికి వచ్చాక ఏం జరుగుతుంది?

నేను ముందు బొమ్మలు, వాటి కింది రాతలు చదువుతాను. మా రంగంలో ఎక్కువగా పట్టుబడేది లెక్కింపు తప్పు: మూడు ఎలుకల నుంచి నలభై కణాలు కొలిచి, నలభై వేర్వేరు సాక్ష్యాలున్నట్లు గణాంకాలు వేస్తారు. ఒకే ఎలుకలోని కణాలు ఒకే ఇంట్లోని అన్నదమ్ముల వంటివి. వారినే నలభై సార్లు అడిగి ఊరంతా ఒప్పుకుందని చెప్పడం కుదరదు. తరువాత చిత్రాలను పెద్దవి చేసి చూస్తాను. ఒకసారి రెండు వేర్వేరు ప్రొటీన్ల పట్టీల పక్కన ఒకే ఆకారపు దుమ్ము మచ్చ, ఒకే దూరంలో కనపడింది. అసలు చిత్రాలు పంపమని రాస్తే పేపరునే వెనక్కి తీసుకున్నారు. నేచర్‌లో 2006లో వచ్చి రెండు వేలకు పైగా సార్లు ఉటంకింపబడిన ఒక అల్జైమర్స్ పేపరు చిత్రాల్లో మార్పులు చేసినందున 2024లో ఉపసంహరణకు గురైంది, పద్దెనిమిదేళ్లు పట్టింది. ఇవన్నీ దాటినదానికి ముగ్గురు రివ్యూయర్ల కోసం పది పన్నెండు మందికి రాయవలసి వస్తుంది. మీకు నివేదికలు నెలల తరబడి ఎందుకు రావో దీనిని బట్టి తెలుస్తుంది.

రివ్యూయర్లకు పైసా ఇవ్వరు, రచయితల దగ్గర లక్షలు తీసుకుంటారు. ఇది వ్యాపారమే కదా?

చాలావరకు అవును, ఇందులో జీతం తీసుకుంటున్నదాన్ని కాబట్టి మరింత స్పష్టంగా చెప్పాలి. న్యూరోఇమేజ్ జర్నల్ ప్రచురణ రుసుము 3,450 డాలర్లు ఉన్నప్పుడు, తగ్గించమన్న కోరికను ప్రచురణ సంస్థ ఒప్పుకోనందున 2023 ఏప్రిల్‌లో నలభై మందికి పైగా ఎడిటర్లు ఒకేసారి రాజీనామా చేసి, ఎంఐటీ ప్రెస్‌తో ఇమేజింగ్ న్యూరోసైన్స్ అనే కొత్త జర్నల్ పెట్టారు. మన దేశంలో భారతీయ విజ్ఞాన అకాడమీ వంటి సంఘాలు నడిపే పత్రికలు ఉన్నాయి. రుసుము లేని జర్నల్‌లో మంచి పేపరు వేయడం చిన్నతనం కాదు. చందాదారుల మీద నడిచే జర్నళ్లలో చాలావాటికి రచయిత ఏమీ కట్టనక్కరలేదన్న సంగతి తెలియక అప్పు చేసినవారిని చూశాను.

హన్మకొండలో ఉండే ఈ పని చేయవచ్చా?

చేయవచ్చు, కానీ మొదటి ఉద్యోగం ఇట్లా దొరకదు. మొదటి అయిదేళ్లు నేను ఆఫీసు ఉన్న ఊళ్లోనే ఉండి పని నేర్చుకున్నాను. సమావేశాలు సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది మధ్య పడతాయి, ఇన్వర్టర్ తప్పదు, బతుకమ్మ తొమ్మిది రోజులు సెలవని లండన్‌లో ఎవరికీ తెలియదు కాబట్టి ముందే క్యాలెండర్‌లో పెట్టాలి.

మీ దగ్గరికి వచ్చి నా డ్రాఫ్ట్ చూపించవచ్చా?

ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండింటి దాకా రావచ్చు. నేను పని చేసే జర్నల్‌కు పంపదలచిన పేపరైతే తేవద్దు, చూడటం నియమాలకు విరుద్ధం. గైడ్‌కు చెప్పి రండి. మొత్తం పేపరు అవసరం లేదు. బొమ్మలు, వాటి కింది రాతలు మాత్రమే అచ్చు తీసి, ఎన్ని జంతువులు, ఎన్ని కణాలు అన్నది ప్రతి బొమ్మ పక్కన పెన్సిలుతో రాసుకుని తెండి. స్వీటు డబ్బాలు వద్దు.